ఇరవై నిమిషాలకు సగం

హలో… ఆ, నేనే. ఈ గదిలో ఇంకెవరుంటారు.

…

చెప్పండి డాక్టరు గారూ.

…

ఓ, ఝోంబోర్ అని పిలవాలా. ఎప్పుడు పేరు పెట్టి పిలవాలో, ఎప్పుడు గారు తగిలించాలో ఈ మధ్య నాకు తెలియట్లేదు.

…

డోసా? తయారైంది. పదీ పన్నెండుకే. సీసం పెట్టెలో ఉంది, నా కళ్ళ ముందే.

…

ఎందుకు పంపలేదంటే — సంతకం కాలేదు కాబట్టి. చేసినవాళ్ళే సంతకం పెట్టకూడదు, వేరేవాళ్ళు పరీక్ష చేసి పెట్టాలి. చేసింది పక్క గదివాళ్ళు, పెట్టాల్సింది నేను. కాగితం ముందే ఉంది. పెన్ను వెతుకుతున్నా.

…

ఎగతాళి కాదు. నిజంగానే వెతుకుతున్నా.

…

తెలుసు. ఇరవై నిమిషాలకు దాని రేడియేషను సగం చచ్చిపోతుంది. మళ్ళీ ఇరవైకి అందులో సగం. ఎవరికి చెప్తున్నావ్? ఈ మందు కుదిరేదాకా మూడు చలికాలాలు దీంతో కాపురం చేసినదాన్ని నేను.

…

ఇప్పుడా… పదీ ముప్పైమూడు. మీటరు ఐదువందలు చూపిస్తోంది. మీకు మూడువందలుంటే చాలుగా. కంగారెందుకు.

…

గిజెల్లాని అడుగుతావా? అడుగు. సంతకం హక్కున్నది మా ఇద్దరికే, ఆవిడ పొద్దున బండికి సెగెద్ వెళ్ళింది. … ఫోను పెట్టకు ఝోంబోర్. పెడితే మళ్ళీ ఎత్తను.

…

నాకేం అక్కర్లేదు. కాసేపు కబుర్లు. మీ వ్యాసం చదివా. మెదడులో ఏ మూల ఆరిపోతోందో రంగురంగుల బొమ్మలు వేశారు, ఎంత బావున్నాయో.

…

ఆ, నా పేరూ చూశా. చివర్న, కృతజ్ఞతల్లో. లిఫ్టు బాగుచేసే ఫెరి పేరు తర్వాత.

…

పొరపాటా. పైన పదకొండు మంది పేర్లు గుర్తొచ్చాయి. మందు కుదిర్చినదాని దగ్గరికొచ్చేసరికి పొరపాటైంది.

…

అలాగే, తర్వాతి దాంట్లో వేద్దువుగాని.

…

ఇవాళ నా పేరు పండగ. క్యాలెండర్లో ఈ తేదీకి నా పేరే ఉంది, ఓర్షోల్యా అని. ఇదివరకైతే మీ ఆవిడ చేసిన పొగాచా రొట్టెలు తెచ్చేవాడివి, వేడివేడిగా. ఈసారి పొద్దున్నే బల్ల మీద పువ్వులు పెట్టి పారిపోయావు. మొహం చెల్లక పేరు కూడా రాయలేదు.

…

నువ్వు కాదా. నాకు పువ్వులిచ్చేవాళ్ళు ఇంకెవరున్నారు. … సరే, కాదనే అనుకో. పసుపు డబ్బాలో పడేశా. అదే, రేడియేషను చెత్తది, సీసం మూతది. అందులో పడింది మళ్ళీ చేత్తో తీయడానికుండదు, తెలుసుగా.

…

వస్తున్నా వస్తున్నా. డోసు వడగట్టిన ఫిల్టరు ఇంకోసారి పరీక్షిస్తా. లైన్లోనే ఉండు.

…

…

ఉన్నావా? బాగానే ఉంది. మొదటిసారీ బాగానే ఉందనుకో. పదీ నలభైఒకటి… మూడువందల డెబ్భై తొమ్మిది.

…

పదిహేడో నంబరు మనిషి గంటనుంచి బల్ల మీదే ఉన్నాడా. తల కదలకుండా అచ్చు బిగించి, మణికట్టు నరంలో సూది గుచ్చి పడుకోబెట్టింది నేనా?

…

నిన్న పొద్దుట్నుంచి మాత్రలు మాన్పించారా. వణుకుడు జబ్బున్నవాడు మాత్ర మానేస్తే వణక్క ఏం చేస్తాడు.

…

అవును, పాపిష్టిదాన్నే. పదకొండేళ్ళు మంచిదాన్నిగా ఉన్నా కదా, ఏం ఒరిగింది.

…

మీ పరిశోధనలో ఆఖరి మనిషి ఇతనే. మధ్యాహ్నం మందుకి రేడియేషను పుట్టించే సైక్లోట్రాన్ మరమ్మతుకి మూసేస్తారు, అది తెరిచేలోపు మీ గడువు దాటిపోతుంది. అన్నీ తెలుసు. అందుకే ఇవాళ. పదహారుమందికి కిక్కురుమనకుండా సంతకం పెట్టా.

…

ఏడుస్తున్నావా. … కొంచెం గట్టిగా చెప్పు, వినపడట్లేదు.

…

పేరు చెప్తావా. మాకు నంబర్లేగా, పేరు చెప్తే నీ ఉద్యోగం ఊడుతుంది. చెప్పు, విందాం.

…

ఏ బెర్చి బాబాయ్?

…

మన బెర్చి బాబాయా. సైక్లోట్రాన్ నడిపిన బెర్చి బాబాయా.

…

అబద్ధం. ఆయనకేం జబ్బు. మొన్న ఈస్టర్‌కి కలిశా, నిక్షేపంలా… చెయ్యి జేబులోంచి తీయలేదు. చలేస్తోందన్నాడు.

…

నాకు చెప్పొద్దన్నాడా. ఎందుకు?

…

తన డోసని తెలిస్తే నా చెయ్యి వణుకుతుందనా.

…

ఉండు. సంతకం పెడుతున్నా. పెట్టేశా ఝోంబోర్. పదీ నలభైతొమ్మిది, రాసేశా. డోసు పంపే గొట్టం తలుపు తెరుస్తున్నా, నిమిషంలో నీ దగ్గరుంటుంది…

…

తెరుచుకోవట్లేదు.

…

రెండువందల ఎనభై ఏడు.

…

పదమూడే తక్కువని నాకూ తెలుసు. మూడువందలకి తగ్గితే తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. ఆ తాళం పెట్టించింది నువ్వేగా, పోయినేడు, నా మీద నమ్మకం లేక.

…

నాకు తీయడం రాదు. ఇక్కడ ఎవరికీ రాదు. … గుద్దాను కూడా. రాదు.

…

వద్దు, ఆయన చేతికివ్వకు ఫోను. ఈ చేతుల్ని పట్టుకుని సీసం పెట్టెలో పని నేర్పినాయన. ఏమని చెప్పను నేను — ఝోంబోర్ —

…

ఆ… నేనే బాబాయ్. ఓర్షినే.

…

అవును. డోసు పనికిరాలేదు.

…

పరీక్షలో కొంచెం తేడా వచ్చింది. అందుకే ఆపా.

…

అంతేగా మరి. అనుమానమున్నది గడప దాటనివ్వకూడదని నువ్వేగా చెప్పేవాడివి.

…

నన్ను మెచ్చుకోకు బాబాయ్.

…

ఝోంబోర్ నా గురించి ఏమన్నాడు? … ఏమీ అనలేదా.

…

ముందు మాత్ర వేసుకో. వాళ్ళు అచ్చు విప్పగానే వేసుకో. మాట తడబడుతోంది నీకు.

…

పువ్వులా.

…

అందాయి. నువ్వే అయ్యుంటావనుకున్నా.

…

ఆ, నీళ్ళలోనే పెట్టా. ఇక్కడే ఉన్నాయి, నా ఎదురుగా. … ఉంటా బాబాయ్.