అంగారకుడు వెనుదిరిగిన పది వారాలు

1990 జూలై 12వ తేదీ ఉదయం, ఇరవై రెండేళ్ల ప్రాయంలో, మన ఖగోళ గణన కార్యాలయంలో ప్రూఫులు దిద్దే పనికి ఆరు నెలల పరీక్షాకాలంపై చేరిన ఆ యువతే, నేడు యాభై ఎనిమిదో ఏట పట్టికల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న విదుషీమణి. మనమంతా చనువుగానూ, కాస్త భయంగానూ ‘ఎర్రసిరా మేడమ్’ అని పిలుచుకునే పెద్దదిక్కు. తండ్రి మంచం పట్టిన ఆ ఇంటికి నాడు ఈ కొలువే ఆధారం.

మూడో నెలలోనే నెత్తిన పిడుగు పడింది. గ్రహస్థానాల పట్టికలో రోజురోజుకూ పెరగవలసిన అంగారకుడి అంకెలు ఒకచోట తరుగుతూ పోవడం గమనించి, అచ్చువారి పొరపాటుగా భావించి, పది వారాల అంకెలనూ ఎర్రసిరాతో అతిశ్రద్ధగా ఆరోహణ క్రమంలోకి మార్చేశారు. అది చూసి నాటి విభాగాధిపతి తల పట్టుకున్నారు.

“గ్రహం వెనక్కెలా నడుస్తుంది సార్?” అన్నారామె.

“నడవదమ్మా. మన భూమే లోపలి దారిలో దాన్ని దాటిపోతుంది. బస్సులో పోతూ సైకిలును దాటేస్తుంటే, అది వెనక్కి పోతున్నట్టు ఉండదూ?”

“అయితే నా ఉద్యోగం పోయినట్టేనా?”

“ఈ నెలలోనే ఆకాశంలో అంగారకుడు సరిగ్గా అలాగే వెనుదిరగబోతున్నాడు. రోజూ చూసి పటంలో చుక్క పెట్టు. తర్వాత మాట్లాడదాం.”

అక్టోబరు ఇరవైన అంగారకుడు నిలిచినట్టే నిలిచి, దాటివచ్చిన రోహిణి వైపే మళ్లాడు. వారాలు గడిచేకొద్దీ రోహిణిని వెనకకు దాటి కృత్తికల దాకా జరిగిన ఆ ఎర్రని వెలుగును చూస్తూండగా, తాను నిలుచున్న మేడ, ఇల్లు, ఊరు సమస్తమూ అంతరిక్షంలో పరుగెడుతున్నాయన్న ఎరుక తొలిసారి కలిగి, ఆమె పిట్టగోడను గట్టిగా పట్టుకున్నారట.

“ఏమైందే, కళ్లు తిరిగాయా?” అని తల్లి కంగారుపడ్డారు.

“మనం కదులుతున్నామమ్మా! నిజంగానే!” అంటూ ఆమె ఏడ్చేశారు.

జనవరిలో ఆ చుక్కల పటాన్ని చాలాసేపు చూసిన విభాగాధిపతి, ఫైలు తెరిచి, ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టారు.

తదనంతరం గణకురాలిగా, పర్యవేక్షకురాలిగా, విభాగాధిపతిగా ముప్పై అయిదేళ్ల పాటు ఒక్క అంకెనూ తప్పుపోనివ్వని ఆ మేడమ్, కొత్తవారి పొరపాటుకు ఏనాడూ మెమో ఇచ్చి ఎరుగరు. వారి కేకలు మాత్రం మూడు గదుల అవతలికి వినిపించేవి.

అంగారకుడికి రెండేళ్ల రెండు నెలలకొకసారి ఇలా వెనుదిరిగే వక్రగతి కలుగుతుంది. మరో ఇరవై పర్యాయాలు దానిని కన్నులారా వీక్షించే ఆయురారోగ్యాలు మేడమ్‌కు సిద్ధించాలని మా అందరి ఆకాంక్ష. ఈ లెక్కను వారు ఎలాగూ సరిచూస్తారు గనుక ముందే మనవి చేస్తున్నాం: అప్పటికి వారి వయసు నూటొక్క సంవత్సరాలు.