పధ్నాలుగో నంబరు మంచం

హలో… ఆ, నేనేనయ్యా కిరీటీ, మీ కరీమున్నీసా అత్తనే. చెప్పు…

బస్సా? వచ్చిందిగా. ఆరింటి నుంచీ సెంటర్లోనే ఉంది. మీ డ్రైవరు రెండు టీలు తాగి పేపరు చదువుకుంటున్నాడు.

…ఎవరూ ఎక్కరు. నేనే వద్దన్నా.

ఆ, నేనే. పోయినేడు ఇంటింటికీ తిరిగి నలభై మందిని ఎక్కించింది నేనేగా? బసవపున్నయ్య అన్నయ్య కొడుకు, మన కళ్ల ముందు పెరిగినవాడు, డాక్టర్ల కాలేజీలో ఉద్యోగం నిలబడాలంటున్నాడు పాపం అని ఎక్కించా. ఈ ఏడు ఆపిందీ నేనే.

…అరవకు నాయనా. ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తారంటున్నావు, వింటే బాగోదు.

పదింటికా… ఢిల్లీ నుంచా… మంచాలు ఖాళీగా కనపడితే డాక్టరు సీట్లు ఇవ్వరా? అయ్యో పాపం. జబ్బు లేనోళ్లని పడుకోబెట్టి, పాఠం చెప్పనోళ్లకి తెల్లకోట్లు తొడిగి నిలబెట్టి… దాన్ని పెద్దాసుపత్రి అనాలి మేము. పైన పటారం, లోన లొటారం.

…ఎవరు? మావయ్యా? మా ఇమామ్ సాయిబుతో నీకేం పని ఇప్పుడు?

…ఆగు. మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు.

కాలు తీసేశారు కాబట్టి… సర్జరీ వార్డులో పడుకోబెట్టి… ఆ ఆపరేషన్ మీరే చేసినట్టు… చూపిస్తారా?

…

ఉన్నాలే. ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?

మర్చిపోయినట్టున్నావు, విను. పోయినేడు ఆయన్ని పధ్నాలుగో నంబరు మంచం మీద పడుకోబెట్టారు. కేసు షీటులో వరిబీజం అని రాశారు. ఆయనకి వరిబీజం లేదు. కాలి బొటనవేలికి షుగరు పుండు ఉంది. ఇంతమంది డాక్టర్లున్నారు, పన్లోపని చూపించుకుంటానే అని ఎంత సంబరపడ్డాడో పిచ్చి మారాజు.

…చూపించాడయ్యా. డాక్టరు చదివే పిల్ల ఒకతి వస్తే దుప్పటి తీసి చూపించాడు. తాతా, నీది వరిబీజం, పుండు సంగతి ఎత్తకు, పెద్ద సార్లొస్తున్నారు అని మళ్లీ దుప్పటి కప్పేసి పోయింది.

…ఆ పిల్లనేం అనను. మీరు నేర్పిన చదువే అది.

సాయంత్రం నిన్నడిగా. ఒక్క డాక్టరుకి చూపించు నాయనా అన్నా. నువ్వేమన్నావు? అందరూ హైదరాబాదు రైలెక్కేశారత్తా అన్నావు. బిర్యానీ పొట్లం చేతిలో పెట్టావు.

ఇరవై రోజులకి బెజవాడ గవర్నమెంటాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ముందే తెస్తే వేలుతో పోయేదమ్మా అన్నాడు అక్కడి డాక్టరు. ముందే తెచ్చాం బాబూ, మీ దగ్గరికి కాదు అనుకున్నా.

…నాదీ తప్పే. కాదన్లేదు. మనిషిని అలంకారానికి తీసుకెళ్లి పడుకోబెట్టా. అది నన్ను రోజూ తింటూనే ఉంది.

…ఏమిప్పిస్తావూ? జైపూరు కాలా? ఎప్పుడు, వీళ్లు వెళ్లిపోయాకా?

…ఏడవకు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటావు. ఆయన్ని కాలెక్కడ వెతుక్కోమంటావు?

లేడు, ఇంట్లో లేడు. ఫస్టు బస్సుకే వెళ్లాడు. మీ బస్సు కాదు, ఆర్టీసీ బస్సు. చంకలో కర్రలు పెట్టుకుని ఒక్కడే వెళ్లాడు.

…ఎక్కడికేంటి, మీ దగ్గరికే. కంగారుపడకు, మంచమేం అడగడు. అప్పుడు మీరిచ్చిన డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లాడు. మీ ముద్రే ఉంది దాని మీద. వరిబీజానికి ఆపరేషన్ చేశాం, రెండు కాళ్లూ బాగున్నాయి, నడుచుకుంటూ ఇంటికెళ్లాడు అని రాసిచ్చారుగా.

ఒక్కటే అడుగుతాడట, వచ్చినోళ్లని. నన్ను చూసి ఇది రాసిన డాక్టరెవరో చూపించండి బాబూ, అని.

…వాచ్‌మన్‌తో గెంటిస్తావా? ముందు ఎక్కడున్నాడో చూడు. కొత్త సెల్లు కొన్నావుగా, అది పట్టుకునే కిటికీ దగ్గరికెళ్లు.

…

గేటు దగ్గరేనా? ఆ, ఆయనే. పక్కనెవరూ…?

అప్పుడే వచ్చేశారా? పదింటికన్నావుగా.

…ఏం చేస్తున్నారు? కాగితం చదువుతున్నారా… ఒకాయన కింద కూర్చుని… పంచె పైకెత్తి చూస్తున్నాడా…

…

చూడనీరా. ఉన్నప్పుడు ఒక్కడూ చూడలేదు ఆ కాలు. లేనప్పుడన్నా చూడనీ.

హలో… కిరీటీ… హలో…