ప్రపంచాన్ని క్యూలో నిలబెట్టిన గుణశేఖర్

ఆ శనివారం లైను పనుండాదని కరెంటోళ్ళు పొద్దున పదింటికే కరెంటు తీసేసినారు. మగ్గాలు ఆగిపోతే నగరిలో ఆ వీధోళ్ళకి చెవులు గుయ్యిమంటాయి. పుట్టినకాడ్నించి ఆ టకటకలోనే బతికినోళ్ళు కదా, చప్పుడు లేకపోతే వాళ్ళకి పొద్దుపోదు. అందరూ బయటికొచ్చి ఢిల్లీబాబు టీ అంగడి తిన్నె మింద చేరినారు. చేరినాక ఏదో ఒకటి వినాల. వినాలంటే గుణశేఖర్ ఉండనే ఉండాడు.

గుణశేఖర్ తిరుపతిలో ముప్పై నాలుగేండ్లు పోలీసు ఉద్యోగం చేసి, ఏఎస్సైగా రిటైరై సొంతూరికి వచ్చినాడు. వచ్చి తొమ్మిదేండ్లయింది. మనిషి మంచోడే, ఒకరి సొమ్ముకి ఆశపడడు, ఒకరి మింద చాడీలు చెప్పడు. ఒక్క ఎచ్చులే ఆయప్పకి జబ్బు. ఉద్యోగంలో ఉండేటప్పుడు ఒక సంవత్సరం యూఎన్ వాళ్ళ మిషన్లో రెండు సముద్రాల అవతల ఉండే ఒక దేశానికి పోయినాడు. ఆ దేశంలో అప్పుడే యుద్ధం ఆగింది. పోలీసు స్టేషన్లు, కోర్టులు, పంచాయితీలు అన్నీ మళ్ళా మొదట్నించి నిలబెట్టుకోవాల. దానికి సాయంగా నానా దేశాల పోలీసుల్ని పిలిపించినారు. ఈయప్ప పోయింది నిజం. నీలం టోపీ ఇంట్లో అద్దాల బీరువాలో ఇప్పటికీ ఉండాది. ఆ ఒక్క సంవత్సరాన్ని తొమ్మిదేండ్లుగా సాగదీస్తా వచ్చినాడు. ఆ దేశం పేరు ఆయప్ప నోట్లో ఒక్కోరోజు ఒక్కో మాదిరి పలుకుతుంది గనక పేరు జోలికి మనం పోవద్దు.

ఆ పొద్దు మాత్రం తిన్నె మింద ఎప్పుడూ కూర్చోని మనిషి ఒకామె కూర్చోనుండింది. నాలుగు పవర్లూమ్ మగ్గాలు ఒంటిచేత్తో నడిపించే భువనేశ్వరి. పక్కన ఆమె కూతురు హేమశ్రీ. హేమశ్రీ చిత్తూరులో ఎస్సై. గుణశేఖర్ పోయిన మాదిరి మిషన్కే ఆ పాపకి ఆర్డరు వచ్చింది, ఇంక పన్నెండు రోజుల్లో విమానమెక్కాల. భువనేశ్వరి ససేమిరా అంటా ఉండాది. యుద్ధం ఆగిన చోట మళ్ళా మొదలు కాదని ఏం నమ్మకం అంటుంది. అమ్మ కాదంటే పోవడానికి హేమశ్రీకి కాళ్ళు రావు. చివరకి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చినారు. ఆడ ఉండొచ్చిన మనిషి మన వీధిలోనే ఉండాడు, ఆయన నోటితోనే విందాం, భయం లేదంటే పంపిస్తా, ఉండాదంటే నోరు మూసుకుని చిత్తూరుకి పో అనింది భువనేశ్వరి.

హేమశ్రీ తెలివైంది. తెల్లారగానే గుణశేఖర్ ఇంటికి పోయి బతిమాలుకునింది. మామా, ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కలు చెప్పండి చాలు, ఇంకేమీ వద్దు అని. గుణశేఖర్ మాటిచ్చినాడు. మనస్ఫూర్తిగానే ఇచ్చినాడు. తిన్నె మింద కూర్చునేదాకా ఆయప్ప ఉద్దేశం రెండు ముక్కలే. అయితే చుట్టూ చూస్తే ఇరవై మంది ఉండారు. ఢిల్లీబాబు చక్కెర జాస్తిగా వేసి టీ చేతికిచ్చినాడు. నూలు బండి తోలే చిన్నబ్బ కింద గొంతుకూర్చుని, "అప్పా, ఆ క్యూ కత ఎత్తుకో" అన్నాడు. ఎండుగడ్డికి ఆ నిప్పురవ్వ చాలు.

"పెద్దగా ఏమీ లేదు చెల్లెమ్మా" అని అణకువగానే మొదలుపెట్టినాడు. పోయిన రెండోరోజు గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసు ముందర జనం ఒకరి మింద ఒకరు పడి తోసుకుంటా ఉండారంట. ఈయప్ప నాలుగు కట్టెలు నాటి, తాడు కట్టి, ఆడోళ్ళని ఒక వరస, మొగోళ్ళని ఒక వరస నిలబెట్టినాడంట. మధ్యాహ్నానికల్లా అందరికీ కార్డులు అందినాయంట. తిరుపతిలో ముప్పై ఏండ్లు జనాన్ని వరసలో పెట్టినోడికి అదొక పనా అన్నాడు. భువనేశ్వరి తలకాయ ఊపింది. ఇదేదో రేషన్ అంగడి తావ పని మాదిరే ఉండాదే అనుకునింది. హేమశ్రీ ఊపిరి పీల్చుకునింది. అక్కడ ఆపుంటే కత అయిపోయుండేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు గుణశేఖర్.

హేమశ్రీ కళ్ళతోనే వద్దనింది. ఆయప్ప చూసినాడు కూడా. చూసి, ఒక్క మెట్టే కదా, ఎక్కి దిగేస్తాంలే అనుకున్నాడు.

"ఆ ఊర్లో రెండు వర్గాలుండాయప్పా. ఒకరు జుట్టు ముందరికి దువ్వుతారు, ఒకరు ఎనక్కి దువ్వుతారు, ఆ ఒక్క తేడాకి ఇరవై ఏండ్లు కాల్చుకున్నోళ్ళు, ఆ రెండు వర్గాలోళ్ళూ నా క్యూలోకే వచ్చినారు, చేతుల్లో తుపాకులు, ఒకరెనక ఒకరు, నాకేమి, నేను తిరుపతి మనిషిని, చెప్పులేసుకుని గుళ్ళోకి ఎవురన్నా పోతారా, తుపాకులు ఈడ పెట్టి టోకెన్ తీసుకోండని చెప్పుల స్టాండు మాదిరి ఒక స్టాండు పెట్టినా. మూడువేల తుపాకులు. తిరిగిచ్చేటప్పుడు టోకెన్లు కలిసిపోయినాయి. తుపాకి పెట్టినోడికి గొడుగొచ్చింది, గొడుగు పెట్టినోడికి ఫిరంగొచ్చింది. ఫిరంగొచ్చిన ముసలాయన వానలో దాన్నే నెత్తిన పెట్టుకుని పోయినాడు, పాపం."

తిన్నె అంతా నవ్వింది. నవ్వు వినబడితే గుణశేఖర్కి బ్రేకులు పట్టవు. తర్వాత ఆ రెండు వర్గాల్నీ కొండ మింద దర్శనానికి కూర్చోబెట్టే మాదిరి కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి తలుపులు వేసినాడంట. ఎనిమిది గంటలు. లోపల పులిహోర పొట్లాలు పంచినాడంట. మొదటి గంట ఒకర్నొకరు గుర్రుగా చూసుకున్నారంట, మూడో గంటకి నీ పొట్లంలో శెనక్కాయలు జాస్తిగా పడినాయే అని మాట కలిసిందంట, ఆరో గంటకి మోకాళ్ళ నొప్పులకి మందు చెప్పుకున్నారంట. తలుపులు తీసేటప్పటికి మేం బయటికి పోమని మొరాయించినారంట. అయినా రేపు మళ్ళా జుట్లు చూసుకుని కొట్టుకుంటారేమోనని గుణశేఖర్ ఒక ఆలోచన చేసినాడు.

"అందరికీ గుండ్లు కొట్టించినా. నలభైవేల గుండ్లు, ఒకటే పొద్దు. ఇంక ఎవురు ముందరికి దువ్వేటోడో, ఎవురు ఎనక్కి దువ్వేటోడో వాళ్ళ పెండ్లాలకే తెలియలా. ఎవర్ని కాల్చాల? సొంతోడేమో అని భయం. యుద్ధం ఆడికి కతం."

"మంగలోళ్ళు యాడ దొరికినారప్పా అంతమంది?" అన్నాడు చిన్నబ్బ.

"నేనే నేర్పినా. గుండు కొట్టించుకున్న ప్రతివాడూ లేచి ఎనకోడికి కొట్టాల. అది రూలు."

ఇంతవరకూ భువనేశ్వరి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆడన్నా ఆపాల్సింది. కానీ నవ్వుకంటే నోరెళ్ళబెట్టడం గుణశేఖర్కి ఇంకా ఇష్టం. దానికోసం ఒక జనరల్ని దింపినాడు. వాడికి మాత్రం గుండు వద్దంట, క్యూ కూడా వద్దంట, నేను వీఐపీ అని పదహారు ట్యాంకులేసుకుని పక్కనుంచి దూరబోయినాడంట. గుణశేఖర్ రెండు చేతుల్లో రెండు పిస్తోళ్ళు పట్టుకుని ఎదురుగా నిలబడినాడంట.

"వాడు పేల్చిన గుండు నా చెవి పక్కన సుయ్యిమని పోయింది. నేను జరగలా. జరిగితే క్యూ చెదిరిపోతాది కదా. ఇంకోటి పేల్చినాడు, ఈ చెవి పక్కన. నేను తిరిగి ఒక్కటంటే ఒక్కటి పేల్చినా, అది పోయి పదహారు ట్యాంకుల గొట్టాల్లోనూ వరసగా దూరి బయటికొచ్చింది. జనరల్ దిగొచ్చి ఎనక నిలబడినాడు, ఆయన ఎనక ట్యాంకులు నిలబడినాయి."

భువనేశ్వరి నవ్వడం మానేసింది. చెవుల పక్కన పోయిన గుండ్లు ఆమె చెవిలో పడినాయి. కూతురి మణికట్టు పట్టుకునింది. గుణశేఖర్ ఆమె వైపు చూడలా. అప్పటికే ఆయప్ప క్యూ కొండలెక్కి, ఏరు దాటి, సరిహద్దు దాటి పక్క దేశంలోకి పోయింది. ఆ దేశం మిలిటరీ దేనికో తెలీకుండానే వచ్చి నిలబడిందంట, క్యూ ఉండాదంటే ఏదో మంచిదే ఇస్తా ఉంటారని. అడివి ఏనుగులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చినాయంట, వాటికి నేర్పే పనే లేకపోయిందంట. సముద్రం మింద ఎట్లప్పా అని చిన్నబ్బ అడిగితే పడవకీ పడవకీ తాడు కట్టినా అన్నాడు. ఆ దేశం ప్రెసిడెంటు టోకెన్ నంబరు ఆరు కోట్లంట, మూడురోజులు నిలబడి కాళ్ళు వాచినా లైను తప్పలేదంట.

"చివరకి ఏమైందో తెలుసా? క్యూ భూమిని ఒక సుట్టు సుట్టి వచ్చింది. తోక వచ్చి తలకాయ ఎనక నిలబడింది. ఇప్పుడు అందరూ అందరికీ ఎనకే. కౌంటరు ఎవురితో మొదలుపెట్టాల? ఒక అడుగు ముందుకేయండి అన్నా. అందరూ ఒకేసారి అడుగేసినారు. భూమి ఎనక్కి జరిగింది చెల్లెమ్మా. ఆ పొద్దు సూర్యుడు నలభై నిమిషాలు ఆలస్యంగా కుంకినాడు, కావాలంటే పాత పంచాంగం చూడు."

భువనేశ్వరి పంచాంగం మాట ఎత్తలా. లేచి నిలబడింది. "పద హేమా. సూర్యుడి సంగతి నాకు తెలీదు. తుపాకి గుండ్లు చెవుల పక్కన పోయే తావకి నిన్ను పంపించను. అడగాల్సిన మనిషినే అడిగినాం, అయిపోయింది."

గుణశేఖర్కి పొద్దున ఇచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది. హేమశ్రీ సంచిలో నుంచి ఆర్డరు కాగితం తీసి, మడత విప్పి, నెమ్మదిగా అడిగింది.

"మామా, ఒక్క మాట. ఈ మిషన్లో మా మాదిరి పోలీసులకి తుపాకులు ఇవ్వరని రాసుండారు. సలహా చెప్పడం, నేర్పించడం, అంతే పని అంట. మీ కాలంలో ఇచ్చినారా?"

తిన్నె మింద ఇరవై మంది గుణశేఖర్ నోరే చూస్తా ఉండారు. ఇచ్చినారమ్మా, మా కాలం వేరు అనొచ్చు. అంటే ఎవరూ కాదనలేరు. కత నిలబడతాది, తొమ్మిదేండ్ల పేరు నిలబడతాది, ఆ పాప మాత్రం చిత్తూరులోనే నిలిచిపోతాది. గుణశేఖర్ టీ గ్లాసు ఎత్తి నోట్లో వంచుకున్నాడు. అందులో ఏమీ లేదు, అయినా తాగినాడు.

"ఇయ్యలేదు పాపా" అన్నాడు. "నా చేతిలో ఒక పెన్నుండింది."

చిన్నబ్బ ట్యాంకుల సంగతి అడగబోయినాడు. ఢిల్లీబాబు గమ్మునుండమని వాడి భుజం మింద చెయ్యేసినాడు.

"కూర్చో చెల్లెమ్మా" అన్నాడు గుణశేఖర్. భువనేశ్వరి కూర్చోలా, పోనూలేదు. ఆయప్ప ఈసారి ఆగి ఆగి చెప్పినాడు, అలవాటు లేని పని కాబట్టి. ఆయనకిచ్చింది ఒక చిన్న ఊరి స్టేషన్. కొత్తగా చేరిన ఎనిమిది మంది పోలీసులుండేవాళ్ళు. నెలరోజులు ఒక్క కంప్లెయింటు రాలేదు. యుద్ధంలో స్టేషన్లోకి పోయినోళ్ళు తిరిగి రాలేదు, అందుకని జనానికి ఆ గడప అంటే దడ. ఒకనాడు ఒక ముసిలామె గేటు బయట నిలబడింది. మర్నాడూ నిలబడింది, లోపలికి రాదు. గుణశేఖర్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు గేటు బయట వేయించి, ఆ ఊరి భాష తెలిసి మాట మార్చి చెప్పేటోడిని పక్కన పెట్టుకుని అడిగితే, మేక పోయిందనింది. కుర్రపోలీసులు నవ్వినారు. మేకకి ఎవురు రాస్తారని. ఈయప్ప రాయించినాడు. రంగేంది, కొమ్ము ఏ పక్క వంగుండాది, చెవిన మచ్చ ఉండాదా, తిరుపతిలో పోయిన సంచుల గురించి రాసేమాదిరే రాయించి, ఆమె చేత వేలిముద్ర వేయించి, ఎనిమిది మందినీ తోలినాడు. మూడోనాడు మేక దొరికింది. వారం తిరక్కుండా ఆ ముసిలామె ఇంకో నలుగురు ఆడోళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి గేటు బయట నిలబడలా, లోపలికి వచ్చి బల్ల మింద కూర్చున్నారు.

"అంతే. ఆ సంవత్సరం నేను చేసింది ఆ మేక ఒకటే" అన్నాడు.

ఇన్నేండ్లలో ఈ కత ఎప్పుడూ చెప్పలేదే అన్నాడు ఢిల్లీబాబు. మేక కత ఎవురు వింటారప్పా అన్నాడు గుణశేఖర్.

భువనేశ్వరి కూర్చునింది. నూలులో తెగిన పోగు వెతికేదాని మాదిరి ఒక్కోటే అడగడం మొదలుపెట్టింది. అన్నం ఎవురు వండేవాళ్ళు? మేమే వంతులేసుకుని. చీకటి పడితే బయట తిరిగేవాళ్ళా? ఆరింటికి క్యాంపు గేటు మూసేస్తారు, ఆ పైన పోనియ్యరు. ఆడోళ్ళు ఉండారా? మా క్యాంపులో పదకొండు మంది, వాళ్ళ గదులు వేరే. తుపాకి చప్పుడు వినబడిందా? ఒకసారి వినబడింది, పరిగెత్తి మంచం కింద దూరినా, తర్వాత చూస్తే పెండ్లిలో పటాసులు.

"దెబ్బలేమన్నా తగిలినాయా?"

"తగిలింది."

"యాడ?"

గుణశేఖర్ తల వంచుకున్నాడు. "బాత్రూంలో జారి పడినా. మూడురోజులు నడుం లేవలా."

నవ్వు తిన్నె మింద నుంచి రోడ్డు దాకా పోయింది. చిన్నబ్బ కింద కూర్చున్నోడు కిందే పడినాడు. భువనేశ్వరి మాత్రం నవ్వలా. గుణశేఖర్ని తలకాయ నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, కూతురి చేతిలో కాగితం తీసుకుని జాగ్రత్తగా మడిచి జాకెట్లో పెట్టుకునింది.

"ఈ నోరు పెట్టుకుని సంవత్సరం పొడుగునా ఉండి, ఒకరి చేత కూడా తన్నులు తినకుండా తిరిగొచ్చినావంటే, ఆ దేశంలో మనుషులు శానా నెమ్మదస్తులన్నా. పంపిస్తాలే నా బిడ్డని."