కళ్ళజోడు ఇవ్వను

తాతయ్య పోయి వారమైనా అత్త నోటికి సెలవు లేదు. ఆయన ఖాళీ కుర్చీ ముందు ఆరేళ్ళ మేనకోడల్ని నిలదీసింది.

“మా నాన్న కళ్ళజోడు ఎక్కడ దాచావే, దొంగపిల్లా?”

“ఇవ్వను. దొంగవి నువ్వే! తాతయ్య ఊరెళ్ళాడన్నావు. కళ్ళజోడు లేకుండా ఆయన గుమ్మం కూడా దాటడుగా?”

“వీపు విమానం మోత మోగిస్తా!”

“మోగించుకో. అమ్మేమో నిద్రపోయాడంటుంది, నాన్నేమో చుక్కయ్యాడంటాడు. ముగ్గురిలో ఒక్కరైనా నిజం చెప్పండి, ఇచ్చేస్తా.”

“చిన్నపిల్లవి. భయపడతావే.”

“భయం నాకా, నీకా?”

వీధి చివరిదాకా వినబడే గొంతు తగ్గించి, అత్త ఆ కుర్చీ పక్కనే కూలబడింది.

“చచ్చిపోయాడే. మా నాన్న చచ్చిపోయాడు. ఇక రాడు.”

పిల్ల గౌను జేబులోంచి కళ్ళజోడు తీసి ఆమె చేతిలో పెట్టింది.

“నాకెప్పుడో తెలుసు. ఇంక బాత్రూంలో దాక్కోకు, ఇక్కడే ఏడువు.”