ఆమె సీటుకు ఎవరి కొలత?

తిరుత్తణిలో, మగ్గం తీసేసిన గదిలో కూర్చుని అతను ఒక పాత స్పోర్ట్స్ కారు సీటుకు కొత్త తోలు కుడుతున్నాడు. భార్య గడపలో నిలబడి చూస్తోంది.

“ఆ మద్రాసు డాక్టరమ్మ కారేనా?”

“ఆమెదే.”

“నా రవికె చెయ్యి పిగిలి నెలయింది. దీనికి మాత్రం రెండు వరసల కుట్టా?”

“ఇది పని కదే.”

“నడుము కాడ స్పాంజి ఇంత వంపుగా కోసినావే, ఆమె కొలత నీకెట్ల తెలిసింది మామా?”

“నువ్వే కూసోని చూడు.”

ఆమె కూర్చుంది. నడుము సరిగ్గా ఒదిగిపోయింది.

“ఆమెను అడిగేదానికి సిగ్గయింది. నాకు తెలిసింది నీ కొలతే కదా, దాన్నే పెట్టినా.”

“అయితే నా కొలతలో ఆమె కూసోని ఊరంతా తిరగతాదా? విప్పు ఆ కుట్లు, ఇప్పుడే!”