మరియమ్మకి నాలుగో భుజం

"పిన్నీ, ఫ్రాన్సులో నువ్వు మరియమ్మని మోశావంట, నిజమేనా?"

మోశానే. మీ అమ్మ చెప్పిందా? అలా కూర్చో. ఆ ఖుబ్బూసు రొట్టె తిను, చల్లారిపోతాది. నేనొచ్చిన కొత్తలో దిర్హాముకి కట్ట వచ్చేసేది, ఇప్పుడెక్కడ... ఆఁ, ఏం చెప్తన్నాను? ఈ అజ్మాన్ రాకముందు అబుదాబీలో ఫ్రాన్సోళ్ళింట్లో చేసేదాన్ని కదా. కరోనా తగ్గాక సెలవలకి ఊరెళ్తా, పిల్లల్ని చూడ్డానికని నన్నూ తీసుకెళ్ళారు. మేడమ్ వాళ్ళమ్మ ఊరది. మామ్మగారనేదాన్ని ఆవిణ్ణి.

చిన్న పల్లె. మధ్యలో రాతి చర్చి, ఐదొందల ఏళ్ళ పైమాటేనంట. గోడల మీద సున్నం రాలి, అడుగునుంచి పాత బొమ్మలు బయటపడ్డాయి. దేవదూతలు, గొర్రెలు... కాదు కాదు, గొర్రెలు కాదు, ఎద్దూ గాడిదానూ. లోపల అప్పటిదే చెక్క మరియమ్మ. జనం తాకీ తాకీ ఆ తల్లి పాదాలు నున్నగా అరిగిపోయాయి.

ఆగస్టులో పండగ. ఆ తల్లిని పల్లకీలో పెట్టి నలుగురు ఆడాళ్ళే మొయ్యాలి, అదీ ఆనవాయితీ. కరోనాకి ఊరేగింపు ఆగిపోయింది. ఈలోగా మేయరు, అంటే మన ఊరి ప్రెసిడెంటు లాగనుకో, చర్చి బాగోగులు అక్కడ ఆయనవే, కప్పు కారిపోతంది, మోసేవాళ్ళూ లేరు, తల్లిని పట్నం మ్యూజియంకి పంపేద్దాం అన్నాడంట. మామ్మగారికి ముద్ద దిగలేదు. ఇల్లిల్లూ తిరిగి నలుగుర్ని కుదిర్చింది. తీరా పండగ ముందురోజు ఒకావిడ మెట్టు జారి కాలు విరగ్గొట్టుకుంది. ఖలాస్ అనుకున్నాం.

మామ్మగారు వంటింట్లోకొచ్చి నా భుజం పట్టుకుని చూసింది. "నేను హిందువునమ్మా, ఆవిడకి చెప్పండి" అన్నాను మేడమ్‌తో. మేడమ్ చెప్పింది. ఆవిడ విని, తువ్వాలు మడతేసి తెచ్చి నా భుజం మీదేసింది. అంతే.

బరువంటావా, మా నాన్నతో అరటిగెలలు మోసినదాన్ని, నాకో లెక్కా. కానీ గుమ్మం దాటేటప్పుడు ముందున్నావిడ అడుగు తడబడి పల్లకీ ఒరిగింది. అన్నొందల ఏళ్ళ తల్లి నా చేతుల్లో పడిపోతే? పక్కకి జరిగి ఆ బరువు నా మీదకి లాక్కున్నాను. "ఆగండి, తొందరేం లేదు" అన్నాను, తెలుగులోనే. అర్థమైపోయింది వాళ్ళకి. ఆగి, ఊపిరి తీసుకుని దాటించాం.

వెనకాల ఊరంతా వచ్చింది, పక్కూళ్ళోళ్ళు కూడాను. ఏటి దాకా వెళ్ళి, తిరిగి తెచ్చి పీఠం మీద నిలబెట్టాం. అందరూ మేయరు చుట్టూ చేరి, ముందు కప్పు సంగతి చూడమన్నారు. ఆయన కాదనలేకపోయాడు. మరుసటేడు కప్పు వేయించారు. తల్లి అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

ఆ సాయంత్రం చర్చి ముందర బల్లలేసి అందరికీ భోజనాలు. నేను పళ్ళెం పట్టుకుని వడ్డించడానికి లేస్తే మామ్మగారు చెయ్యి పట్టుకుని, పక్కన కుర్చీ లాగి, "సత్యవతీ" అంది. అంతకుముందెప్పుడూ నా పేరు అనలేదావిడ. నోరు తిరక్కపోయినా అంది. కూర్చున్నానే. వాళ్ళ మధ్యలో కూర్చుని తిన్నాను.

రేపట్నుంచి నువ్వూ నాలాగే ఇంటిపనిలోకెళ్తన్నావు కదమ్మా. చల్లగా ఉండు. నిన్ను పేరెట్టి పిలిచే ఇల్లు దొరకాలి తల్లీ, ముందుగా అదే... అదే కోరుకుంటాను.