మంద మలిపిన సంగతి

"మంద దిగె మంద దిగె మన పటేల్ చెల్కల,
పండి లేసిన చెల్క తల్లి పచ్చగ నవ్వె…"

ఆ తర్వాత ఏందో యాదికొస్తలేదు పటేలా. చిన్నప్పుడు గీ అరుగు ముంగటనే పాడెటోళ్లం. పొద్దటి సంది కూసోబెడితివి, ఏం తోస్తలేక కూనిరాగం తీస్తున్న. ఫోన్ల మాటలు అయినయా మరి?

అయితే జర ఇను. మా హనుమంతును ఇడిసిపెట్టు. బాటల పట్టుకొస్తిరి, వాని గొర్లన్నీ మీ ఊరి బందెలదొడ్డిల నోర్లు తెరుసుకొని నిలవడ్డయి. ఎండ చూసినవా? పిల్లతల్లులున్నయి అండ్ల!

ఏమంటవు? మందను వాగవతలి ఊరికి తోలిండనా? అవును, తోలిండు. ఏటేటా ఎండకాలం మొదటి మంద రాత్రిళ్లు మీ చెల్కలనే పండాలె, మీ చెల్కకే ముందుగాల ఎరువు పడాలె. తాతల నాటి ఆనవాయితీ. నేను కాదంటున్ననా?

మీది వెయ్యి గడపల ఊరు, దానికి నువ్వు సర్పంచివి. మాది నలభై ఇండ్ల గొల్లగూడెం. మొన్నమొన్న వేరే పంచాయితీ అయింది, నన్ను సర్పంచిని జేసిండ్రు. అయితే మాత్రం? మా నల్లా నీళ్లు మీ ఊర్లకెళ్లే రావాలె. మా మందలు మీ బాటెంబడే పోవాలె. ఒంగే ఉన్నం గద పటేలా! మీ ఇంట్ల పెండ్లయితే మా పొట్టేలే వచ్చె. మీ ఊరి బోనాలకు మా డోలే మోగె.

మరి నువ్వేం జేస్తివి? కాయితం పంపితివి. గుట్ట కింద మా గొర్లు మేసే జాగల మీ ఊరి చెత్త పోసుకుంటం, తీర్మానం జెయ్యి అంటివి. ముసల్ది ఏలిముద్ర గుద్దుతది అనుకున్నవు. నేను అరవై ఏండ్లకు అక్షరాలు దిద్దినయ్యా, నా మనుమరాలు భాగ్యలక్ష్మి నేర్పింది. ఒక్కొక్క మాట మీద ఏలు పెట్టుకుంట మూడు దినాలు సదివిన. సదివి, గీత గూడ గియ్యకుండ తిరిగి పంపిన.

గంతే. తెల్లారే మా నల్లాలు బంద్. "వాల్వు కరాబైంది" అంటివి. తొమ్మిది దినాలాయె! పిల్లలు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగుతున్నరు. గా నీళ్లు ఏం జేస్తయో నీకెరుక లేదా? నా కాళ్లు చూడు. గీ వంకర పుట్టుకతోని వచ్చిందా? నా భాగ్యమ్మ పండ్లు ఇంక తెల్లగనే ఉన్నయి పటేలా…

అరవకు. బీపీ మనిషివి.

హనుమంతు మీద కేసు పెడతవా? వాన్నేమనకు. వాడు మీ చెల్క దిక్కే తోలుతుండె. నేనే ఎదురువోయి, కర్ర అడ్డం పెట్టి మందను మలిపిన. అవును, నేనే! గీ చేతులతోనే.

వాగవతలోళ్లు పిలిచిండ్రా అంటున్నవా? ఆళ్లు పిలువలే, నేనే పోయి అడిగిన. ఆళ్లు మాత్రం తక్కువోళ్లా? ఇయ్యాల నీళ్ల ట్యాంకరు పంపుతమంటరు, రేపు గదే గుట్ట అడుగుతరు. నాకు తెల్వదా? నీకు పది దినాల మంద, ఆళ్లకు పది దినాల మంద. ఇద్దరికీ లొంగకుండ గట్లనే ఈడ్చుకొస్త.

భయం కాలేదా అంటే, ఎందుకు కాలే? ఇప్పుడు గూడ అయితాంది. నువ్వు నీళ్లు ఇడువు, రేపే మంద మీ చెల్కల దిగుతది. ఇడువనంటే, ఎరువు లేని చెల్కల పత్తి ఎట్లుంటదో చూసుకో.

ఏందీ? నాకింత తెలివి ఎవలు నేర్పిండ్రనా?

చెప్పొద్దనే అనుకున్న. మీ నాయిన నేర్పిండు. అవునయ్యా, బుచ్చయ్య పటేలే! పోయినేడు నల్గొండ దవాఖానల చూడవోతే, నువ్వు మందులకు కిందికి పోయినవు. ఆయన తలుపు దిక్కు చూసి, నా చెయ్యి వట్టుకొని మెల్లగ అన్నడు. ఆయన నాతోని మాట్లాడిన ఆఖరి మాట గదే:

"గుర్వమ్మా, మావోడు ఎన్నడన్న మీ నీళ్లు ఆపుతడు. బతిలాడకు. మంద ఆపు."